గంట కొట్టేలోగా

మా వేలూరు చర్చావేదిక బల్ల మీద ఒక ఇత్తడి గంట ఉండేది. పాత సామాన్ల అంగట్లో కొన్నది. ఒకప్పుడు ఎవరి పూజగదిలో మోగిందో అని మేమే ఎగతాళి చేసుకునేవాళ్లం. దేవుణ్ణి నమ్మని ఆ సభలో దేవుడికి ఉండాల్సిన అధికారమంతా ఆ గంటకే ఉండేది. ఒక పక్షం ప్రశ్న వేస్తుంది. ఎదుటి పక్షం జవాబు చెప్పాలి. నడువర్, అంటే తీర్పరి, గంట మీద చెయ్యి వేసి కాసేపు ఎదురుచూస్తారు. ఆలోగా జవాబు రాకపోతే గంట మోగుతుంది. అడిగినవాళ్లు గెలిచినట్టు, నోరు మెదపనివాళ్లు ఓడినట్టు. మిగతా చోట్ల పట్టిమండ్రాలు, అంటే ఈ వాదపోటీలు, ఎలా నడుస్తాయో గానీ, మా దగ్గర ఆచారం ఇదే.

ఈ ఆచారం పెట్టింది మా పెద్దాయన. నడువర్ కూడా ఆయనే. బడిలో తమిళం చెప్పి రిటైరైన మనిషి. ఇంట్లో మాత్రం మాలాగే తెలుగు. మాట్లాడటమే, అక్షరం ఒక్కటీ రాదు. నేను బడిలో చదివే రోజుల్లో గుడియాత్తంలో ఏదో పోటీకి మార్కులు వెయ్యడానికి వచ్చి, నా నోటి దురుసు చూసి ముచ్చటపడి, వేలూరు వేదిక ఎక్కించారు. "ప్రశ్నను కత్తి మాదిరి పట్టుకోవల్ల మ్మా. పిడి నీ పక్కుండల్ల, మొన వాడి పక్కుండల్ల. తారుమారైతే తెగేది నీ చెయ్యే" అనేవారు.

ఇరవై ఏళ్లకు పైగా ఆ కత్తి తిప్పాను. జాతకాలు చూసేవాణ్ణి అడిగాను, చేతిలో విభూది పుట్టించేవాణ్ణి అడిగాను, కులం పుట్టుకతో వస్తుందనేవాణ్ణి మరీ గట్టిగా అడిగాను: నిరూపణ ఏది? వాళ్లు నీళ్లు నమిలేవాళ్లు. గంట మోగేది. మోగిన ప్రతిసారీ బుద్ధి గెలిచిందనుకునేదాన్ని. అలా అనుకోవడానికి నాకు ఇంకే నిరూపణా అక్కర్లేకపోయింది.

ఒక సాయంత్రం గంట నా మీద మోగింది.

ఆ రోజు విషయం, మనిషికి దారి చూపేది బుద్ధా, నమ్మకమా. నమ్మకం పక్షాన మాట్లాడింది ఒక ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు. ఆలంగాయం వైపు సేద్యం చేసుకునే తెలుగు కుటుంబం వాళ్లది. నాకంటే బాగా చిన్నవాడు, మర్యాదస్తుడు. మా వేదిక మీద మాట సగం తమిళం, సగం తెలుగు. అతను నా వైపు తిరిగి తెలుగులోనే అడిగాడు.

"అక్కా, మీరు అన్నిటికీ నిరూపణ అడుగుతా ఉండారు. సరి. నిజమే అయినా నిరూపించలేని మాటలు ఉండాయని గణితమే ఒప్పుకునిందని తెలుసునా మీకు? ఒప్పుకునేది ఏంది, గట్టిగా నిరూపించే పెట్టినారు. గణితానికే చేతగాని పని నమ్మకస్తుల్ని చెయ్యమంటే ఏం న్యాయం?"

నాకు తెలియదు. అలాంటి మాట ఒకటి ఉందనే వినలేదు. నోట్లో తడి ఆరిపోయింది. పెద్దాయన చెయ్యి గంట మీద ఉంది. మిగతావాళ్లకు ఆగిన దానికంటే నా కోసం కొంచెం ఎక్కువసేపు ఆగారని నాకు అర్థమైంది. అది గంట మోతకంటే ఎక్కువ బాధ పెట్టింది.

తర్వాత హాలు ఉన్న మేడ మెట్లు దిగుతూ, "ఏమి మ్మా, ఒక మాటైనా అనుండొచ్చు గదా" అన్నారు.

"తెలీని దానికి ఏం చెప్పేది అయ్యా?"

"సరి, వదిలెయ్. గంట నీకూ ఒకటే, నాకూ ఒకటే."

పళ్ళికొండ మీదుగా గుడియాత్తం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకటే ఆలోచన. అతను చెప్పింది నిజమైతే, నేను ఇన్నేళ్లూ ఊరూరా తిరిగి అడిగిన ప్రశ్న అడిగే హక్కు నాకు లేదు. అబద్ధమైతే, అది అబద్ధమని నాకు నేను తెలుసుకుని, అదే వేదిక మీద, అదే మనిషి ముందు చెప్పాలి. ఎవరో చెప్పారని చెప్పకూడదు. ఎవరో చెప్పారని చెప్పడం వాళ్ల పద్ధతి, మాది కాదు.

పుస్తకం వేలూరులోనే దొరికింది. కాలేజీ పిల్లలు అమ్మేసిన పాత పుస్తకాలు గుట్టలు పోసే ఒక కొట్టులో. గణిత తర్కం మీద లావాటి ఇంగ్లీషు పాఠ్యపుస్తకం, చివరి సగం యంత్రాలు ఏ లెక్క చెయ్యగలవు, ఏది చెయ్యలేవు అన్నదాని మీద. ముందు ఎవరో చదివారు. మొదటి అధ్యాయమంతా పెన్సిలు గీతలు. రెండో అధ్యాయంలో గీతలు పలచబడ్డాయి. మూడో అధ్యాయం మొదటి పేజీలో ఒక ప్రశ్నార్థకం ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

గుడియాత్తం బజారులో మాది లుంగీల అంగడి. అన్న నేతగాళ్ల దగ్గరకు తిరిగి సరుకు తెస్తాడు, నేను గల్లా దగ్గర కూర్చుంటాను. మేడ మీద ఇల్లు. అన్న, వదిన, నేను. మధ్యాహ్నం భోజనాలయ్యాక నాలుగింటి దాకా బజారు నిద్రపోతుంది. షట్టరు సగం దించి, కింది సందులోంచి వచ్చే వెలుతురులో నేల మీద కూర్చుని చదివేదాన్ని. నా చదువు తమిళంలో సాగింది. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని చదవాలి. ఇంగ్లీషులో చదివి, తమిళంలో దానితో పోట్లాడి, తెలుగులో అర్థం చేసుకునేదాన్ని. అభ్యాసాలకు జవాబులు తెలుగులో రాసేదాన్ని. తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక, చిత్తూరు నుంచి తెప్పించుకున్న ఒకటో తరగతి వాచకం పెట్టుకుని నేర్చుకున్నవి. అంగడికి వచ్చేవాళ్లలో సగంమంది తెలుగు మాట్లాడతారు, ఒక్కరూ చదవలేరు. నేను రాసింది అక్కడ ఎంత బాహాటంగా పడేసి ఉంచినా తాళం వేసినట్టే.

మొదట్లోనే పుస్తకంతో గొడవ. 'ఇలా అయితే అలా' అనే వాక్యంలో మొదటి భాగం అబద్ధమైతే మొత్తం వాక్యం నిజమే అంటుంది. ఇదేం దౌర్జన్యం? ఏనుగు ఎగిరితే నేను మహారాణిని, ఇది నిజమా? కొన్నాళ్లు ఆ పేజీ దాటలేదు. వేదిక మీద ఎవరైనా ఆ మాట అని ఉంటే చీల్చి చెండాడేదాన్ని. చివరికి మా అంగడి బోర్డే నా నోరు మూయించింది: 'రంగు పోతే లుంగీ వాపసు తీసుకుంటాం.' ఒక లుంగీ రంగు పోలేదు, మేము వాపసు తీసుకోలేదు. మాట తప్పామా? లేదు. అయితే ఆ మాట నిజమే. ఇంత చిన్న సంగతికి అంత కోపం ఎందుకు తెచ్చుకున్నానో చెప్పి నవ్వుకుందామంటే పక్కన ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. పక్క అంగడి ఆయన కుర్చీలో తల వాల్చి గురక పెడుతున్నాడు.

వదిన కాఫీ ఇవ్వడానికి దిగివచ్చి నా కాగితాల వైపు వంగి చూసేది. తలకిందులుగా ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, అద్దంలో చూసినట్టు వెనక్కి తిరిగిన అక్షరాలు.

"ఏమ్మే, తాయెత్తు రాస్తా ఉండావా? దేవుడు లేడని ఊరంతా మైకు పెట్టి చెప్పేది, ఇంట్లో కూర్చుని ఇది గీసేది. బాగుండాది."

"ఇది తలకిందులుగా ఉంటే 'అన్నీ' అని అర్థం వదినా. ఇది వెనక్కి తిరిగుంటే 'ఒకటైనా ఉండాది' అని."

"నేరుగా రాస్తే అర్థం కాదా?"

నేరుగా రాస్తే మోసం జరుగుతుందని ఆ గుర్తుల వల్లే తెలిసింది. ప్రతి లుంగీకీ కట్టుకునే మనిషి ఒకడుంటాడు. అది ఒక మాట. ఒక మనిషున్నాడు, ప్రతి లుంగీనీ వాడే కట్టుకుంటాడు. అది పూర్తిగా వేరే మాట. గుర్తులు రెండూ అవే, వరుస మారిందంతే. 'ప్రతిదానికీ కారణం ఉంది, కాబట్టి అన్నిటికీ ఒకే కారణం ఉంది' అని వేదికలెక్కి చెప్పేవాళ్ల గారడీ ఇదే కదా! గుర్తులు అటూ ఇటూ మార్చి దేవుణ్ణి పుట్టించారు. ఆ మధ్యాహ్నం నాకు పూనకం వచ్చినంత పనైంది. ఈ మాట పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచి పాయింటు మ్మా, పట్టు దాన్ని. వేదిక మీద ఎంతసేపట్లో చెప్పగలవు?"

"గుర్తులు ముందు వివరించల్ల అయ్యా..."

"గుర్తులా? జనం లేచిపోతారు."

అంతటితో ఆ సంతోషం కూడా నా దగ్గరే ఉండిపోయింది.

మూడో అధ్యాయంలో, పెన్సిలు గీతలు ఆగిపోయిన చోటు దాటాక, ఒక అభ్యాసం వచ్చింది. కొన్ని వస్తువులు ఉన్నాయి. కొన్ని కొన్నిటికి పైన ఉంటాయి. ఏదీ తనకు తానే పైన ఉండదు. మొదటిది రెండోదానికి పైన, రెండోది మూడోదానికి పైన ఉంటే, మొదటిది మూడోదానికీ పైనే. ఇంతవరకు ఒప్పుకుంటే, తన పైన ఇంకేదీ లేని వస్తువు ఒకటైనా ఉండి తీరుతుందా? నిరూపించు, లేదా తప్పని ఉదాహరణ చూపించు.

నేను మడతపెట్టిన లుంగీలు తీసి దొంతర పెట్టాను. పైన ఒకటి ఉంది. రెండు దొంతరలు పెట్టాను. పైన రెండున్నాయి. అంగట్లో ఉన్న అరలన్నీ కళ్లతోనే సర్ది చూశాను. ఎలా పేర్చినా ఎక్కడో ఒకచోట పైన ఇంకేమీ లేనిది ఒకటి మిగిలే తీరుతోంది. తప్పని చూపించే ఉదాహరణ ఎంత వెతికినా రాలేదు. నాలుగైంది. షట్టరు ఎత్తాలి. 'కాదని చూపగలిగింది ఏదీ రాలేదు, కాబట్టి నిజం' అని రాసి మూసేశాను. తప్పు చేస్తున్నానన్న అనుమానం కూడా రాలేదు. ఇరవై ఏళ్లుగా నాకు వచ్చిన తీర్పు పద్ధతి అదే: ఎదుటివాణ్ణి అడిగాను, వాడు పలకలేదు, గంట కొట్టేశాను.

చాలా నెలలకు, చాలా పేజీల తర్వాత, ఇంకేదో చెబుతూ పుస్తకం ఒక్క వాక్యంలో ఆ సంగతి అనేసి ముందుకు పోయింది. లెక్కకు అందే వస్తువులుంటే పైది ఒకటి ఉండి తీరుతుంది, అంతులేకుండా ఉంటే ఉండక్కర్లేదు. ఒకటి, రెండు, మూడు... ప్రతి అంకెకూ పైన ఇంకొకటి ఉంది. అన్నిటికీ పైన ఏదీ లేదు. మా అంగట్లో సరుకు ఎక్కడో ఒకచోట అయిపోతుంది కాబట్టి నాకు జవాబు దొరకలేదు. ఒకటో తరగతి పిల్లవాడి దగ్గర ఉన్న ఉదాహరణ, నా దగ్గర లేకపోయింది.

కానీ నన్ను కింద కూర్చోబెట్టేసింది అది కాదు. 'ఒకదాని పైన ఒకటి, దాని పైన ఇంకొకటి, ఇలా పోతే ఎక్కడో ఒకచోట అన్నిటికీ పైన ఒకడు ఉండి తీరాలి' అనే వాదాన్ని నేను ఎన్ని ఊళ్లలో తుత్తునియలు చేశానో నాకే లెక్కలేదు. ఉండి తీరాలని ఎవరు చెప్పారు, పోతూనే ఉండకూడదా, అని కావేరిపాక్కంలో ఒక సభలో మైకు విరిగేంత గట్టిగా అరిచాను కూడా. అదే వాదాన్ని నా చేత్తో, నా అక్షరాల్లో, 'కాబట్టి నిజం' అని రాసిపెట్టుకున్నాను.

ఇంత తమాషా ఒంటరిగా భరించలేక మెట్ల దగ్గరకు పోయి వదినను పిలిచాను.

"వదినా, నేను దేవుడున్నాడని నిరూపించినాను."

"ఏమి? ఒళ్లు బాగుండాదా నీకు?"

"నిజంగా. పైపైకి పోతా ఉంటే అన్నిటికీ పైన ఒకటి ఉండల్లని రాసినాను. తప్పు."

"తప్పేముండాది అందులో? ఏదో ఒకటి పైన ఉండల్ల గదా మే. లేకుంటే ఇదంతా యాడ నిలబడుతుంది?"

ఇంకో రోజైతే ఒక గంట ఉపన్యాసం ఇచ్చేదాన్ని. ఆమె పైకి పోయి సీరియల్ పెట్టుకుంది. నేను కిందికి వచ్చి నా పాత జవాబులన్నీ ముందేసుకున్నాను. ఇది తప్పయితే మిగతావి? ఒక్కొక్కటీ సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తోంది. ఆ తప్పు జవాబు కూడా అలాగే కనిపించింది కదా. వేదిక మీద తప్పు మాట్లాడితే ఎవడో ఒకడు లేచి నిలదీస్తాడు. అది ఎంత పెద్ద వరమో ఆ రోజే తెలిసింది. ఒంటరిగా చదువుకునేవాళ్లకు ఆకలి కన్నా, నిద్ర కన్నా, నువ్వు తప్పు అనే మనిషి అవసరం. గుడియాత్తం బజారులో ఆ మనిషి లేడు. ఎవరైనా వచ్చి కాగితం చేతిలోకి తీసుకున్నా, అందులో ఒక్క అక్షరం చదవలేడు.

మళ్లీ మొదటి పేజీ తెరిచాను. ఈసారి నాకు నేనే ఎదుటి పక్షం. ఒక రోజు రాసింది ఇంకో రోజు శత్రువు రాసినట్టు చదివేదాన్ని. చాలా జవాబులు నిలిచాయి. కొన్ని కూలాయి.

యంత్రాల భాగం వచ్చింది. పుస్తకం చెప్పే యంత్రం ఇనుముతో చేసింది కాదు. రాసిపెట్టిన నియమాల ప్రకారం అడుగు అడుగుగా పనిచేసే దేన్నైనా యంత్రం అంటుంది. కొన్ని పని ముగించి ఆగుతాయి. కొన్ని ఎప్పటికీ ఆగవు. ఏది ఆగుతుంది, ఏది ఆగదు అని ముందే తప్పు లేకుండా చెప్పగల తీర్పరి యంత్రం ఒకటి ఉందనుకుందాం. అప్పుడు ఒక పెంకి యంత్రాన్ని తయారుచెయ్యొచ్చు. అది తన గురించి తీర్పరి ఏం చెప్పిందో కనుక్కుంటుంది. ఆగుతావంటే ఆగదు. ఆగవంటే వెంటనే ఆగుతుంది. తీర్పరి ఏం చెప్పినా తప్పే అవుతుంది. కాబట్టి ఆ తీర్పరి ఉండటానికి వీల్లేదు. ఇది అర్థమైనప్పుడు వదిన అక్కడే బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. ఆపుకోలేక చెప్పేశాను.

"దీనికి ఇంత లావు పుస్తకమా? మీ అన్న ఇట్లాంటోడే గదా" అంది. "తింటావా అంటే వద్దంటాడు. సరి, వద్దులే అంటే గిన్నె ముందర కూర్చుంటాడు. పెండ్లైనప్పటి నుండి నేను ముందుగా చెప్పినది ఒక్కటీ నిజం కాలేదు."

ఇద్దరం నవ్వాం. చాలా కాలానికి ఆ పుస్తకం గురించి నాతో పాటు ఇంకొకరు నవ్వారు. మరుక్షణం, "సరే గానీ సాయంత్రం పాలు ఎవరు తెచ్చేది?" అంది.

ఆ తర్వాతి మెట్టు దగ్గర నాకు గంట వినిపించింది. ఒక మాటకు నిరూపణ ఉందా అని వెతికే యంత్రాన్ని సులభంగానే చెయ్యొచ్చు. నిరూపణలన్నీ ఒకదాని వెంట ఒకటి రాసి చూసుకుంటూ పోతుంది. ఉంటే ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది, 'ఉంది' అని చెప్పి ఆగుతుంది. లేకపోతే? 'లేదు' అని చెప్పదు. వెతుకుతూనే ఉంటుంది. బయట నిలబడి చూసేవాళ్లకు అది లేకపోవడమో, ఇంకా దొరక్కపోవడమో తెలియదు. పోనీ ఇంతసేపు ఆగితే చాలు, అప్పటికీ పలక్కపోతే లేదనే అర్థం అని ఒక గడువు పెడదామా? ఏ మాటకు ఎంత గడువు సరిపోతుందో తప్పు లేకుండా లెక్కగట్టే నియమం ఏదీ ఉండదని పుస్తకం నిరూపించింది. అలాంటి నియమం ఉంటే ఆ ఉండలేని తీర్పరి పుట్టుకొస్తుంది.

గంట ఎప్పుడు కొట్టాలో ఎవరికీ తెలియదు. నేను షట్టరు ఎత్తకుండా చాలాసేపు కూర్చున్నాను. బయట ఎవరో తట్టి, "అంగడి ఉండాదా లేదా?" అని అరిచి వెళ్లిపోయారు.

లెక్చరరు చెప్పిన మాట కూడా ఈ దారిలోనే ఎదురైంది. అతను చెప్పింది సగం. అంకెల కూడికలు, గుణకారాలు రెండిటి గురించీ మాట్లాడే, యంత్రం సరిచూడగల ఒక నియమాల కట్ట తీసుకో. అందులో నియమాలు ఒకదాన్నొకటి కాదనకుండా ఉంటే, అంకెల గురించే ఒక నిజం ఆ కట్టకు అందకుండా మిగులుతుంది. ఆ కట్టకు మాత్రమే. ఇంకో నియమం కలిపితే అదీ అందుతుంది, అప్పుడు ఇంకొకటి మిగులుతుంది. ఇదంతా కనుక్కున్నది భక్తి కాదు, నిరూపణే. బుద్ధి తన ఇంటి గోడలు తానే కొలుచుకుంది. పక్కింటివాడు వచ్చి ఆ గోడ బయటిదంతా నాది అంటే ఎలా?

ఈ నిరూపణను నా మాటల్లో మొత్తం రాశాను. ఎవరికైనా చూపించాలి. సరిచూడగలవాడు నాకు తెలిసినంతలో ఒక్కడే, నన్ను ఓడించినవాడు. కాట్పాడిలో అతని కాలేజీ ఎదురుగా టీ అంగడి దగ్గర పట్టుకున్నాను. నన్ను చూసి గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"అక్కా, మీరా! రండి, రండి. అన్నా, ఇంకో టీ."

కాగితాలు తీశాను. ఆ రోజు మీరు అడిగిన ప్రశ్న గురించి అన్నాను. అతనికి వెంటనే గుర్తు రాలేదు.

"ఓ, అదా! ఏదో వీడియోలో చూసినాను అక్కా. పంచ్‌గా ఉండాది గదా అని అడిగేసినాను."

"ఆ సిద్ధాంతం చదవలేదా?"

"నేను మెకానికల్ అక్కా. బాయిలర్లు చెప్పేవాణ్ణి." కాగితం తిప్పి చూశాడు. "తెలుగులో రాసినారా? నాకు చదివేదానికి రాదే. మా ఇంట్లో ఎవురికీ రాదు." కొంచెం నొచ్చుకుని, "మీరు దానికోసం ఇంత చదివినారా?" అన్నాడు.

టీ డబ్బు ఇవ్వనివ్వలేదు. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. ఎంత మంచివాడో! నాకు మాత్రం ఎదురు దిక్కున తిరువలం వైపు పోయే బస్సులు, గుడియాత్తం వైపు పోయే బస్సులు అన్నీ ఒకేలా కనిపించాయి. ఇంతకాలం ఆ చీకటి అంగట్లో నాకు ఎదురుగా ఒక శత్రువు కూర్చుని ఉన్నాడనుకుని చదివాను. అక్కడ ఎవరూ లేరు.

తర్వాత వేదికలో పెద్దాయన అదే విషయం మళ్లీ పెట్టారు. "లెక్క తేల్చుకో పో" అని ఫోన్లో నవ్వారు. మా పక్షం వాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. లెక్చరరు తన వంతులో అదే మాట మళ్లీ అన్నాడు, కానీ ఈసారి నా వైపు చూడకుండా. నేను లేచాను. నియమాల కట్ట గురించి, గోడ గురించి చెప్పాను. అంగడి బోర్డు పెట్టి, లుంగీల దొంతర పెట్టి చెప్పాను. జనం లేచిపోలేదు. చివరికి కత్తి తిప్పి పట్టుకున్నాను.

"తమ్ముడూ, గణితానికి అందని ఆ మాట అంకెల గురించిన మాట. మీ దేవుడున్నాడనేది అంకెల గురించిన మాటా? కాకపోతే ఆ సిద్ధాంతం మీకు ఏ విధంగా సాక్ష్యం చెప్తుంది? చెప్పండి."

అతను మైకు పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. పెద్దాయన చెయ్యి గంట మీదకు పోయింది. ఆయన ముఖం వెలిగిపోతోంది. మా వాళ్లు చప్పట్లకు చేతులు ఎత్తి సిద్ధంగా ఉన్నారు.

ఆ పెదవులు ఎలా ఎండిపోయి ఉంటాయో నాకు తెలుసు. అతనికి తెలియదు, అంతే. బాయిలర్లు చెప్పుకునేవాడు, వీడియోలో విన్నాడు. అతని మౌనంలోంచి దేవుడు లేడన్నది రాదు. వస్తుందంటే, ఆ రోజు నా మౌనంలోంచి దేవుడున్నాడన్నదీ రావాలి.

"అయ్యా, కొట్టొద్దు" అన్నాను.

"ఏమి మ్మా?"

"తెలీక ఊరకున్నారు. అది జవాబు కాదు. ఆ పొద్దు నేనూ తెలీకనే ఊరకుండినాను. నా ప్రశ్న అట్లే ఉంటుంది, ఆయన ఎప్పుడైనా జవాబు తేవచ్చు. గంట కొట్టి మనం గెలిచినామంటే మనకూ జాతకాలోడికీ తేడా ఏముండాది? వాడు నక్షత్రం చూసి తేలుస్తాడు, మనం గడియారం చూసి తేలుస్తా ఉండాము."

ముందు వరసలో ఎవరో, "ఈమెకేమైంది? ఎవురి పక్షం ఈమె?" అన్నారు. లెక్చరరు మైకు బల్ల మీద పెట్టేశాడు. పెద్దాయన చెయ్యి గంట మీదే ఉండిపోయింది.

"అయితే తీర్పేంది మ్మా?"

"ఇంకా తెలీదు అనేదే తీర్పు అయ్యా. ఆ మాట చెప్పేదానికి మనకు సిగ్గెందుకు? దేవుడి మనుషులు చెప్పలేరు గానీ మనం చెప్పగల మాట అది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నమ్మకం పక్షం వాళ్లకు నేను చేసింది జాలి అనిపించింది, మా పక్షం వాళ్లకు ద్రోహం అనిపించింది. కాసేపటికి హాలు చూసుకునేవాడు తలుపు దగ్గర నిలబడి, ఇంకొకరు వస్తారు ఖాళీ చెయ్యండి అన్నాడు. పెద్దాయన అప్పుడు గంట కొట్టారు. తీర్పు చెప్పలేదు. ఆ వేదిక చరిత్రలో తీర్పు లేకుండా గంట మోగడం నేను చూసింది అదొక్కసారే.

మెట్ల దగ్గర నా కోసం ఎవరూ ఆగలేదు. లెక్చరరు ఒక నమస్కారం పెట్టి గబగబా దిగిపోయాడు. పెద్దాయన మాత్రం గోడ పట్టుకుని నెమ్మదిగా దిగుతూ, "గెలిచిన ఆటను చెడగొట్టినావు గదా మ్మా" అన్నారు. కోపంగా కాదు. అలిసిపోయినట్టు.

ఆ తర్వాత వేదిక నుంచి నాకు పిలుపు రాలేదు. వేరేవాళ్లను పిలుస్తున్నారని విన్నాను. గంట అలాగే మోగుతోందని కూడా విన్నాను. ఒక మధ్యాహ్నం పెద్దాయన ఫోన్ చేశారు.

"ఆ పుస్తకం తమిళంలో ఉండాదా?"

"నాకు తెలిసి లేదు అయ్యా."

"నువ్వు రాసినది ఉండాది గదా?"

"అది తెలుగు."

"తెలుగంటే నాకు చెవి మాత్రమే ఉండాది, కన్ను లేదు. నువ్వు చదివితే నేను వింటాను. ఒక దినం వస్తాను గుడియాత్తానికి. ఎప్పుడని అడగొద్దు, మోకాళ్లు చెప్పల్ల ఆ మాట."

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు షట్టరు కొంచెం ఎత్తుగా ఉంచుతున్నాను, వంగి లోపలికి రాగలిగేంత. ఎదురుగా ఒక కుర్చీ వేశాను. వదిన అడిగితే గాలి కోసం అన్నాను. కొత్త అధ్యాయంలో ఒక అభ్యాసం నాకు చాలా రోజులుగా లొంగడం లేదు. దాని కింద 'కాబట్టి నిజం' అని రాయలేదు. ఖాళీగా వదిలేశాను.

పెద్దాయన ఇంకా రాలేదు. నేను చెప్పగలిగింది అంతవరకే.